సీపీఎల్ చేతికొచ్చాక ఏ దారి? వరంగల్, ఉత్తర తెలంగాణ కొత్త పైలట్లకు ఆరు ఎంపికల పోలిక

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తారన్న కబురు వచ్చినప్పటి నుంచి హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల వైపు ఇళ్లల్లో పైలట్ చదువు గురించి మాటలు ఎక్కువయ్యాయి. దానికి తోడు దేశంలో పైలట్ల కొరత ఉందని టీవీలో తరచూ వార్తలు. ఇప్పటికే లైసెన్స్ తెచ్చుకున్న పిల్లల ఇళ్లలో మాత్రం టెన్షన్ వేరు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చింది, నెలలు గడుస్తున్నాయి, ఎయిర్‌లైన్ నుంచి పిలుపు లేదు. ఇంకో 15 లక్షలు పెట్టి టైప్ రేటింగ్ (ఒక రకం పెద్ద విమానం నడిపే ప్రత్యేక అర్హత) చేయించాలా? ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాలా? ఆగాలా? ఎయిర్‌ఫోర్స్‌కు రాయాలా? ఈ వ్యాసం ముందుగా వాళ్ల కోసం. ఇంకా డబ్బు కట్టని కుటుంబాలకు చివర్లో కొంత ఉంది.

కొరత ఒక సీటులో, పోటీ ఇంకో సీటులో

వార్తల్లో చెప్పే కొరత అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాల ఒప్పందం ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 ఎయిర్‌బస్‌లు, 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ 150 బోయింగ్ 737 మ్యాక్స్‌లు ఆర్డర్ చేశాయి. ఇవన్నీ నడవాలంటే వేలమంది పైలట్లు కావాలి. అయితే వాళ్లకు అన్నిటికంటే కరువుగా ఉన్నది కెప్టెన్లు. కెప్టెన్‌గా ఎడమ సీటులో కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పై స్థాయి లైసెన్స్ ఉండాలి, దానికి కనీసం 1500 గంటలు ఎగిరి ఉండాలి. కుడి సీటుకు, అంటే ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) ఉద్యోగానికి, 200 గంటల సీపీఎల్‌తో పోటీ పడొచ్చు. మన పిల్లలు నిలబడ్డ వరుస ఆ కుడి సీటు కోసం.

ఇందులో చాలామంది గమనించని ఒక ముడి ఉంది. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌ను తీసుకుంటే అతన్ని లైన్ మీద, అంటే ప్రయాణికులతో నడిచే సర్వీసుల్లో, తీర్చిదిద్దడానికి ట్రైనింగ్ కెప్టెన్ కావాలి. ఒక్కో ట్రైనర్ ఒకేసారి ఎంతమందిని చూడగలడన్నదానికి హద్దు ఉంటుంది. అందుకే కెప్టెన్లు తక్కువగా ఉన్నప్పుడు ఫ్రెషర్ల బ్యాచ్‌లు పెరగకపోగా తగ్గుతాయి కూడా. "కొరత ఉందంటున్నారు, మరి మావాణ్ణి ఎందుకు పిలవడం లేదు?" అని అడిగే తల్లిదండ్రులకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం లైసెన్సుల లెక్కలో ఉంది. దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2022లో 1,165 సీపీఎల్‌లు ఇచ్చింది. 2023లో 1,622 ఇచ్చింది. విదేశాల్లో నేర్చుకుని వచ్చి ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకున్నవాళ్లు కూడా ఈ వరుసలోనే ఉంటారు. వెనకటి ఏళ్లలో ఉద్యోగం రానివాళ్లు వీళ్లకు తోడు. ఒక కంపెనీ మూతపడినప్పుడల్లా అనుభవం, టైప్ రేటింగ్ రెండూ ఉన్నవాళ్లు మార్కెట్లోకి వస్తారు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడూ, 2023 మేలో గో ఫస్ట్ ఆగినప్పుడూ జరిగింది ఇదే. రిక్రూట్‌మెంట్ డెస్క్ ముందుగా వాళ్లనే చూస్తుంది. విమానాల డెలివరీ ఆలస్యమైతే ఆ ప్రభావం కూడా ముందుగా పడేది ఫ్రెషర్ బ్యాచ్‌ల మీదే.

మంచి కబురు కూడా చెప్పాలి. 2025లో అమల్లోకి వచ్చిన కొత్త డ్యూటీ నిబంధనల్లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. అవే విమానాలు నడపడానికి ఇప్పుడు ఎక్కువమంది కావాలి. 2025 డిసెంబరులో ఇండిగో వేల సంఖ్యలో సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చినప్పుడు ఆ లెక్క అందరికీ అర్థమైంది. కాబట్టి ఉద్యోగాలు రావన్న భయం అక్కర్లేదు. అవి ఎప్పుడు వస్తాయో మన చేతిలో లేదు, అంతే. అందుకే కింది పోలిక మొత్తంలో నేను ఒకే ప్రశ్నకు ఎక్కువ బరువు ఇస్తాను: పిలుపు వచ్చేదాకా లైసెన్స్‌ను తాజాగా ఉంచుకుంటూ, ఇల్లు గడుపుకుంటూ మీరు ఎంతకాలం నిలబడగలరు?

తేల్చుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది అప్పు. 60 లక్షల లోన్ 10 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 50 వేలు వడ్డీయే అవుతుంది, ఏడాదికి 6 లక్షలు. చాలా బ్యాంకుల్లో కోర్సు అయ్యాక దాదాపు ఏడాది దాకా కిస్తీలు మొదలుకావు కానీ వడ్డీ మాత్రం ఆగదు. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా "ఇంకో ఏడాది చూద్దాం" అనుకోవడం ప్రమాదం. ఎందుకంటే ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. మన వైపు ఆ ఆస్తి అంటే చాలాసార్లు ఉన్న ఇల్లో, బాపు పేరు మీదున్న పొలమో.

రెండోది లైసెన్స్ తాజాగా ఉండటం. సీపీఎల్ కార్డు మీద తేదీ ఎంత దూరం ఉన్నా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) చెక్ ఏటా ఇవ్వాలి, క్లాస్ 1 మెడికల్ ఏటా చేయించుకోవాలి. మల్టీ ఇంజిన్ విమానంలో చెక్ ఇవ్వాలంటే ముందు కొన్ని గంటలు ఎగరాలి, ఆ ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. ఎగరకుండా కూర్చున్నకొద్దీ చేతిలో నైపుణ్యం కూడా తగ్గుతుంది. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ టెస్ట్‌లో అది వెంటనే బయటపడుతుంది.

తర్వాత వయసు, డిగ్రీ. ఈ రెంటినీ మన దగ్గర తక్కువగా చూస్తారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ పూర్తిచేసి నేరుగా ఫ్లయింగ్ స్కూల్‌కు వెళ్లినవాళ్లకు సీపీఎల్ వచ్చేసరికి డిగ్రీ ఉండదు. అది లేకపోతే కింది ఆరు దారుల్లో రెండు మూసుకుపోతాయి. చివరిది, ఇంటికి దూరంగా తక్కువ జీతంతో కొన్నాళ్లు ఉండగలరా అన్నది.

| దారి | ఇంకా పెట్టాల్సిన ఖర్చు | ఫ్లయింగ్ సాగుతుందా | డిగ్రీ అవసరమా | ఎక్కువ నప్పేది |
|---|---|---|---|---|
| ఫ్రెషర్ పిలుపు కోసం ఆగడం | ఏటా రెన్యువల్ ఖర్చు | చాలా తక్కువ | ఎక్కువగా అక్కర్లేదు | అప్పు తక్కువ ఉన్నవాళ్లకు |
| సొంత టైప్ రేటింగ్ | సుమారు 12 నుంచి 20 లక్షలు | సిమ్యులేటర్ వరకే | అక్కర్లేదు | పిలుపు దగ్గరలో ఉందని ఆధారం ఉన్నవాళ్లకు |
| ఇన్‌స్ట్రక్టర్ | కొన్ని లక్షలు | బాగా సాగుతుంది | అక్కర్లేదు | ఓపిక, బోధించే ఇష్టం ఉన్నవాళ్లకు |
| ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం), చార్టర్ (అద్దె విమానాలు) | కంపెనీని బట్టి | సాగుతుంది | ఎక్కువగా అక్కర్లేదు | ఏ ఊళ్లోనైనా ఉండగలిగినవాళ్లకు |
| ఎయిర్‌ఫోర్స్ | లేదు | పూర్తిగా | తప్పనిసరి | 26 ఏళ్లలోపు గ్రాడ్యుయేట్లకు |
| ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఉద్యోగం | పరీక్ష ఖర్చు మాత్రమే | సాగదు | తప్పనిసరి | అప్పు మోయలేక నిలకడ కావాలనుకునేవాళ్లకు |

1. ఫ్రెషర్ పిలుపు కోసం ఆగడం

ఎయిర్‌లైన్ తానే పిలిచి, పరీక్ష పెట్టి, టైప్ రేటింగ్ చేయించి తీసుకోవడం ఇందులో మేలైన పద్ధతి. రేటింగ్ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే దానికి బదులు బాండ్ రాయించుకుంటుంది. కొన్ని కంపెనీలు ఖర్చు అభ్యర్థి మీదే వేస్తాయి. నోటిఫికేషన్‌లో ఈ ఒక్క పేరా మొదట చదవండి.

ఆగడం అంటే ఇంట్లో కూర్చోవడం అని మాత్రం అనుకోవద్దు. సెలెక్షన్‌లో టెక్నికల్ పేపర్, కంపాస్, అడాప్ట్ లాంటి కంప్యూటర్ టెస్టులు, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల సిమ్యులేటర్ చెక్ ఉంటాయి. మన పిల్లలు వెనకబడేది సాధారణంగా సబ్జెక్టులో కాదు, ఇంగ్లీషులో గబగబా ఆలోచించి చెప్పడంలో. ఆర్టీ (రేడియోలో మాట్లాడే పద్ధతి) తప్పులు, సమాధానం మధ్యలో ఆగిపోవడం, జ్ఞాపకం పెట్టుకున్న జవాబు అప్పగించడం వంటివి ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. రోజూ ఒక గంట ఎవరితోనైనా గట్టిగా మాట్లాడుతూ నావిగేషన్, మెటియరాలజీ వివరించే అలవాటు చేసుకుంటే చాలా మార్పు వస్తుంది. కాజీపేటలో ఉన్నా, కోరుట్లలో ఉన్నా ఇది చేయొచ్చు.

ఈ దారికి నేను పెట్టే గడువు ఏడాది. ఏడాదిలో ఒక్క కంపెనీ పరీక్షకు కూడా పిలవకపోతే మరో దారి తప్పనిసరిగా పక్కన పెట్టుకోవాలి. అప్పు లేనివాళ్లు ఇంకొంత ఆగొచ్చు.

2. సొంత డబ్బుతో టైప్ రేటింగ్

ఎక్కువ కుటుంబాలు తడబడే చోటు ఇదే, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను.

ఎయిర్‌బస్ ఏ320 రేటింగ్ ఉంటే ఎయిర్‌లైన్‌కు ట్రైనింగ్ భారం తగ్గుతుంది, కాబట్టి మనవాడికి ముందు అవకాశం వస్తుంది అన్నది దీని వెనక ఆశ. కొన్ని కాలాల్లో అది నిజమైంది. ఉద్యోగం ఒక్క ఏడాది ముందు వచ్చినా, లైన్ మీదకు వచ్చిన ఫస్ట్ ఆఫీసర్ జీతం నెలకు లక్షన్నర అనుకుంటే ఏడాదికి 18 లక్షలు అవుతుంది. రేటింగ్ ఖర్చు తీరిపోయినట్టే. కాగితం మీద లెక్క బాగుంది.

చిక్కు ఎక్కడంటే, ఆ ఏడాది కలిసివస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. రేటింగ్ ఉన్న పైలట్ కావాలని కంపెనీ ప్రకటన ఇచ్చినప్పుడు సాధారణంగా ఆ విమానం మీద వందల గంటల అనుభవం అడుగుతుంది. సిమ్యులేటర్‌లో నేర్చుకుని, లైన్ మీద ఒక్క గంట కూడా ఎగరని పిల్లవాడు ఆ ప్రకటనకు సరిపోడు. అటు ఫ్రెషర్‌గా, ఇటు అనుభవం ఉన్నవాడిగా ఏ వైపూ గట్టిగా నిలబడని పరిస్థితి వస్తుంది. పైగా రేటింగ్ వాడకుండా ఉంటే పాతబడుతుంది, మళ్లీ సిమ్యులేటర్‌కు డబ్బు కట్టి చెక్ ఇవ్వాలి.

ఇంకోటి, ఒక విమానం రేటింగ్ ఇంకో విమానానికి పనికిరాదు. ఇండిగోలో ఏ320 కుటుంబం, ఏటీఆర్‌లు నడుస్తాయి. ఆకాశ ఎయిర్‌లో 737 మ్యాక్స్ మాత్రమే. అలయన్స్ ఎయిర్, ఫ్లై91 ఏటీఆర్ మీద ఉన్నాయి. మీరు ఏ320 చేయించాక రాబోయే పెద్ద పిలుపు బోయింగ్ వైపు నుంచి వస్తే పెట్టిన డబ్బు పక్కన ఉండిపోతుంది.

అందుకని నా సలహా ఇది: ఫలానా కంపెనీ ఫలానా నెలలో రేటింగ్ ఉన్న తక్కువ గంటల పైలట్లను తీసుకుంటోంది అని ప్రకటన కళ్లతో చూసి, అందులోని షరతులకు మీరు సరిపోతారని తేలాకే డబ్బు కట్టండి. రేటింగ్ ఇచ్చే సంస్థను ఒక మాట తప్పకుండా అడగండి: సిమ్యులేటర్ అయ్యాక అసలు విమానంలో ల్యాండింగులు చేయించే బేస్ ట్రైనింగ్ ప్యాకేజీలో ఉందా, లేదా? లేకపోతే లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్ (రేటింగ్ నమోదు) ఎలా వస్తుంది? జవాబు స్పష్టంగా లేకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. ఉద్యోగం గ్యారంటీ అని నోటిమాటగా చెప్పే ఏజెంట్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద లేని గ్యారంటీకి విలువ లేదు. రెండో అప్పు చేసి రేటింగ్ చేయించడం నేను ఎవరికీ చెప్పను.

3. ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్

మన దగ్గర దీన్ని ఎవరూ మొదటి ఎంపికగా చూడరు. నా దృష్టిలో ఇది చూడాల్సినంత చూడని దారి.

సీపీఎల్ మీద అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తెచ్చుకుంటే సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో విద్యార్థులకు నేర్పొచ్చు. గంటలు, అనుభవం పెరిగాక పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. 2021లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ బెళగావి, జల్‌గావ్, కలబురగి, ఖజురహో, లీలాబారిలలో కొత్త ఫ్లయింగ్ స్కూళ్లకు స్థలాలు ఇచ్చింది. స్కూళ్లు పెరిగిన కొద్దీ నేర్పేవాళ్లు కావాలి. స్కూళ్లలో ఫ్లయింగ్ ఆలస్యం కావడానికి ఇన్‌స్ట్రక్టర్లు చాలకపోవడం ఒక పెద్ద కారణం.

జీతం ఎయిర్‌లైన్‌తో పోలిస్తే తక్కువ. పెద్ద అప్పు కిస్తీకి అది ఒక్కటే చాలదు. చిన్న విమానం మీద వచ్చిన గంటలకు ఎయిర్‌లైన్ ఫ్రెషర్ సెలెక్షన్‌లో అదనపు మార్కులు ఉంటాయని కూడా నమ్మకం పెట్టుకోవద్దు. మరి లాభం ఏమిటంటే, మీరు ఖర్చు పెట్టకుండా రోజూ ఎగురుతారు. ఆ గంటలు రేపు ఏటీపీఎల్‌కు కావాల్సిన 1500 వైపు లెక్కకొస్తాయి. రేడియోలో మాట్లాడటం, వాతావరణం అంచనా వేయడం, ఎదుటివాడి తప్పు అది పెద్దది కాకముందే పట్టుకోవడం అలవాటవుతాయి. ఇంటర్వ్యూలో "లైసెన్స్ వచ్చాక ఈ రెండేళ్లు ఏం చేశావు?" అన్న ప్రశ్నకు గట్టి జవాబు ఉంటుంది. ఆ ప్రశ్న దగ్గరే ఇంట్లో ఆగిపోయిన పిల్లలు నీరుగారిపోతారు.

ఇన్‌స్ట్రక్టర్‌గా చేరితే బాండ్ ఎంతకాలమో చూసుకోండి. మీ పేరు ఎయిర్‌లైన్ లిస్టులో వచ్చిన రోజు స్కూల్ వదిలి వెళ్లడానికి వీలుండాలి.

4. ఏటీఆర్, చార్టర్

పెద్ద జెట్ తప్ప ఇంకేదీ వద్దు అనే పట్టుదల పోటీ మార్కెట్లో నష్టం చేస్తుంది. ఏటీఆర్ 72 మీద రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ అనుభవం, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే క్రమశిక్షణ, చిన్న ఎయిర్‌పోర్టుల్లో దిగే నేర్పు వస్తాయి. వరంగల్ లాంటి ఊళ్లకు మొదట వచ్చే విమానాలు కూడా చాలావరకు ఇలాంటివే. మొదటి ఉద్యోగం ఏటీఆర్ మీద దొరికితే తీసుకోండి.

చార్టర్ కంపెనీల సంగతి వేరు. అక్కడ ఉద్యోగాలు తక్కువ, ప్రకటనల కంటే పరిచయాల మీద ఎక్కువ నడుస్తాయి, రేటింగ్ లేదా ఎక్కువ గంటలు అడుగుతాయి. బేగంపేటలో ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే బయోడేటా ఇచ్చి రండి. దాని మీదే ఆశ పెట్టుకోకండి.

గల్ఫ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో మామయ్యో, చిన్నాయనో దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటారు కాబట్టి "అక్కడి ఎయిర్‌లైన్స్‌లో ప్రయత్నించవచ్చు కదా" అన్న మాట సహజంగా వస్తుంది. ఆ కంపెనీలు బయటి దేశాల పైలట్లను తీసుకునేది పెద్ద విమానాల మీద బాగా అనుభవం ఉన్నప్పుడు. 200 గంటల సీపీఎల్‌తో అక్కడ తలుపు తట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఇక్కడ కొన్నేళ్లు లైన్ మీద ఎగిరాక అది మంచి దారి.

5. ఎయిర్‌ఫోర్స్

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష ఆఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ బ్రాంచ్‌కు మామూలుగా వయసు 20 నుంచి 24 ఏళ్లు. డీజీసీఏ ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న సీపీఎల్ ఉంటే 26 ఏళ్ల వరకు రాయొచ్చు. డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. 25 ఏళ్లలోపువాళ్లకు పెళ్లి అయి ఉండకూడదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అమ్మాయిలు కూడా రాయొచ్చు.

రాతపరీక్ష తర్వాత ఎస్ఎస్‌బీ (సైనిక అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ, అందులో పైలట్ ఎంపిక కోసం కంప్యూటర్ మీద పెట్టే సీపీఎస్ఎస్ పరీక్ష. జీవితంలో ఒక్కసారే దీనికి అవకాశం. తయారు కాకుండా "ఊరికే రాసి చూద్దాం" అని వెళ్లడం ఆ ఒక్క అవకాశాన్ని వదులుకోవడమే. ఎంపికైతే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మన హైదరాబాద్ పక్కనే. షార్ట్ సర్వీస్ 14 ఏళ్లు.

ఇది సివిల్ ఎయిర్‌లైన్‌కు రెండో ఎంపికగా తీసుకునే ఉద్యోగం కాదు. సైన్యంలో జీవితం ఇష్టమైతేనే రండి. ఆ ఇష్టం నిజంగా ఉండి, డిగ్రీ ఉండి, వయసు 24 దాటిందని ఆశ వదులుకున్న పిల్లలు మాత్రం ఈ నిబంధన ఇవాళే చూసుకోవాలి.

6. ఏటీసీ, లైసెన్స్ పక్కన పెట్టుకుని

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ ఉద్యోగానికి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో రెగ్యులర్ బీఎస్సీ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. గరిష్ఠ వయసు 27, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. మూల వేతనం 40 వేలతో మొదలయ్యే స్కేలు, అలవెన్సులు దానిపైన. కేంద్ర ప్రభుత్వ సంస్థలో స్థిరమైన ఉద్యోగం. పోటీ మాత్రం తీవ్రంగా ఉంటుంది, ఎందుకంటే దీనికి సీపీఎల్ లేని లక్షలమంది ఇంజినీర్లు కూడా రాస్తారు. ఆ పరీక్షలో మీ లైసెన్స్ మీకు అదనపు మార్కు తేదు. మీ నావిగేషన్, మెటియరాలజీ జ్ఞానం చేరాక పనికొస్తుంది.

దూరవిద్య డిగ్రీతో ఇక్కడ పని జరగదని గుర్తుంచుకోండి. ఇంటర్ తర్వాత నేరుగా ఫ్లయింగ్‌కు వెళ్లాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను మూడేళ్ల బీఎస్సీని ముందు పూర్తిచేయమని చెప్పేది ఇందుకే.

ఎవరికి ఏది

పొలమో ఇల్లో తాకట్టులో ఉండి, నెల నెలా వడ్డీ నడుస్తున్న కుటుంబం: ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వైపు వెళ్లండి, ఎయిర్‌లైన్ పిలుపులన్నిటికీ దరఖాస్తు చేస్తూనే ఉండండి, టైప్ రేటింగ్ జోలికి వెళ్లకండి. డిగ్రీ ఉంటే ఏటీసీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వదలకండి. లైసెన్స్ చేతిలో పెట్టుకుని ఏటీసీలో చేరడం ఓటమి అని చుట్టాలు అన్నా పట్టించుకోవద్దు. పొలం నిలబడటం ముఖ్యం.

అప్పు లేకుండా, సొంత డబ్బుతో లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు ఏడాది ఏడాదిన్నర గట్టిగా సెలెక్షన్‌కు తయారవుతూ ఆగొచ్చు. టైప్ రేటింగ్ గురించి ఆలోచించే హక్కు వీళ్లకే ఎక్కువ, అదీ పైన చెప్పిన షరతులతో.

వరంగల్ నిట్‌లోనో మరో కాలేజీలోనో బీటెక్ అయ్యాక ఫ్లయింగ్ చేసినవాళ్ల చేతిలో ఎక్కువ ముక్కలు ఉన్నాయి. వయసు 26 లోపుంటే ఎయిర్‌ఫోర్స్, 27 లోపుంటే ఏటీసీ, రెండూ దాటితే ఎయిర్‌లైన్. తేదీలు వరుసగా రాసుకుని ముందు ముగిసేదాన్ని ముందు ప్రయత్నించండి.

అమ్మాయిల విషయంలో ఒక మాట. మన దేశ పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు, ప్రపంచ సగటు కంటే ఇది చాలా ఎక్కువ. సెలెక్షన్‌లో అమ్మాయి అని వెనక్కి నెట్టే పరిస్థితి లేదు. ఆపేది చాలాసార్లు ఇల్లే: "ఇంకెన్నాళ్లు ఆగుతావు, సంబంధం చూస్తాం" అన్న మాట. లక్షలు పెట్టి చదివించిన కూతురికి కొడుక్కి ఇచ్చినంత గడువే ఇవ్వండి.

మామునూరు తెరిస్తే ఇక్కడ ఉద్యోగం వస్తుందా?

నిజాం కాలంలో 1930లో కట్టిన ఈ ఎయిర్‌పోర్టు నుంచి 1981 వరకు విమానాలు నడిచాయి. 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం మళ్లీ అభివృద్ధికి అనుమతి ఇచ్చింది. మన ప్రాంతానికి ఇది చాలా సంతోషం. అయితే పైలట్ ఉద్యోగం ఊరి ఎయిర్‌పోర్టుతో రాదు. ఎయిర్‌లైన్ తన పైలట్లను హైదరాబాద్, ఢిల్లీ, బెంగళూరు లాంటి బేస్‌లలో ఉంచుతుంది. మామునూరులో రోజుకు కొన్ని సర్వీసులు దిగినా ఆ పైలట్లు అక్కడి నుంచి వచ్చి వెళ్లేవాళ్లే. ఎయిర్‌పోర్టు వస్తోంది కదా అని ఇంటర్ పిల్లవాడికి సీపీఎల్ నిర్ణయం తీసుకోకండి.

ఇంకా డబ్బు కట్టనివాళ్లకు

మీ ముందున్నవి ముఖ్యంగా రెండు. మామూలు ఫ్లయింగ్ స్కూల్‌లో 45 నుంచి 60 లక్షల దాకా పెట్టి సీపీఎల్ తెచ్చుకోవడం ఒకటి. ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్ రెండోది, దానికి కోటి చుట్టుపక్కల అవుతుంది, టైప్ రేటింగ్ కలుపుకుని. క్యాడెట్‌లో కట్టే అదనపు డబ్బు వరుసలో చోటు కోసం. ఎంపిక ముందే జరుగుతుంది, కోర్సు అయ్యాక షరతులతో ఉద్యోగ లెటర్ ఉంటుంది. షరతులతో అన్న మాట బరువైనది. కంపెనీ విమానాలు ఆలస్యమైతే చేరే తేదీ కూడా జరగొచ్చు. అయినా మామూలు దారిలో సీపీఎల్‌కు తర్వాత రేటింగ్ ఖర్చు కలిపితే తేడా అనుకున్నంత పెద్దగా ఉండదు. ఎంపిక పరీక్ష నెగ్గగలిగి, కోటి రూపాయల అప్పుకు తట్టుకునే ఆస్తి, ఆదాయం ఉన్న కుటుంబానికి క్యాడెట్ మేలు. అది లేనివాళ్లు ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష ముందు రాయండి. అక్కడ రిజర్వేషన్లు ఉన్నాయి.

మామూలు స్కూల్ చూసేటప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి గత బ్యాచ్ పిల్లలతో మాట్లాడండి: 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది, ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయి, ఒక్క ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉన్నారు? డీజీసీఏ 2025 అక్టోబరులో ఫ్లయింగ్ స్కూళ్లకు తొలిసారి ర్యాంకులు ఇచ్చినప్పుడు ఏ ప్లస్, ఏ గ్రేడ్లు ఒక్క స్కూల్‌కూ రాలేదు. కాబట్టి పేరు చూసి నమ్మకండి. ర్యాంకులు ఆరు నెలలకోసారి మారతాయి, తాజాది చూసుకోండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమనే చోట కట్టకండి, ఎగిరిన గంటలను బట్టి కిస్తీలుగా కట్టే ఒప్పందం అడగండి.

ఇవన్నిటికంటే ముందు మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. రంగుల చూపు, గుండె, వినికిడిలో ఏ లోపం ఉన్నా అక్కడే తేలుతుంది. క్లాస్ 1 చేతికి రాకముందు ఫ్లయింగ్ ఫీజు మొదటి కిస్తీ కూడా కట్టకండి. ఆ తేదీ కోసం ఆగే నెలల్లో రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ పేపర్లకు ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. ఒక్కో పేపర్‌లో 70 శాతం రావాలి.